అక్షయపాత్ర లెక్క: శనివారాల ప్రాజెక్టు డైరీ

జులై 12, హనుమకొండ

ఇవాళ పని మొదలుపెట్టాం. ఇంటర్ మొదటి సంవత్సరం సీఈసీ, హెచ్‌ఈసీ పిల్లలు 22 మంది. శనివారం భోజనాల తర్వాత రెండు గంటలు. దసరా సెలవులూ పరీక్షలూ పోను డిసెంబర్ దాకా ఎన్ని శనివారాలు దొరికితే అన్ని. మాయలూ మంత్రాలూ ఉన్న కథలు తీసుకుని వాటిలోంచి అర్థశాస్త్రం పైకి లాగాలి. చివరికి పిల్లల చేతిరాతతోనే ఒక పుస్తకం రావాలి.

ఈ ఆలోచన ఎందుకు వచ్చిందో రాసి పెట్టుకుంటాను. పోయిన వారం అర్థశాస్త్రానికి రాబిన్స్ ఇచ్చిన నిర్వచనం అడిగితే ముందు బెంచీ అమ్మాయి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. అపరిమితమైన కోరికలు, ప్రత్యామ్నాయ ప్రయోజనాలున్న పరిమిత సాధనాలు, అంతా సరిగ్గానే. "కొరత అంటే ఏందమ్మా?" అన్నాను. తల దించుకుంది. వాళ్ల వాడలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఏ బిందె తాగడానికి, ఏ బిందె బట్టలకు అని తేల్చేది ఆ పిల్లే. 1932లో రాబిన్స్ రాసింది ఆ బిందెల సంగతే. ఆ రెండూ ఒకటేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మరి బిందెల నుంచే మొదలుపెట్టొచ్చు కదా? ఆ వయసు పిల్లలు ఇంటి కష్టాన్ని పదిమంది ముందు పెట్టరు. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందంటే మాత్రం అందరూ నోరు విప్పుతారు. కథను ముందు పెడితే ఇంటి సంగతి దాని వెనకాలే వస్తుందని నా నమ్మకం.

పద్ధతి పెద్దదేం కాదు. ప్రతి కథకూ ఒక చార్టు, చార్టులో రెండు గళ్లు: మాయ ఏం చేయగలదు, ఏం చేయలేదు. చార్టులు, స్కెచ్ పెన్నులు, రెండు మూడు ఆటలకు సామాను కలిపి 600 రూపాయల్లో ముగించాలని అనుకున్నాం.

జులై 19

మొదటి కథ అక్షయపాత్ర. భారతాన్ని కల్పిత కథల వరసలో పెడుతున్నారని ఎవరూ నొచ్చుకోకూడదు, దాన్ని ఇతిహాసంగానే చదువుదామని ముందే చెప్పాను.

అరణ్యవాసంలో ధర్మరాజుకు సూర్యుడిచ్చిన పాత్ర. ఎంతమంది వచ్చినా అన్నం వస్తూనే ఉంటుంది. షరతు ఒక్కటే. ద్రౌపది తిన్నదంటే ఆ రోజుకు పాత్ర ఖాళీ, మళ్లీ మర్నాడే. దుర్వాసుడు శిష్యులతో వచ్చేసరికి ఆమె భోజనం అయిపోయింది, అందుకే ఆ కంగారంతా.

దీని పక్కన ఇంకో కథ పెట్టాను. 2007లో వచ్చిన హ్యారీ పోటర్ చివరి పుస్తకంలో హెర్మయొనీ ఒక నియమం చెబుతుంది: మంత్రంతో శూన్యంలోంచి అన్నం పుట్టించలేం. ఎక్కడుందో తెలిస్తే రప్పించొచ్చు, కొంచెం ఉంటే ఎక్కువ చేయొచ్చు, లేనిదాన్ని మాత్రం తేలేం. మాయ తెలిసిన హ్యారీ, రాన్, హెర్మయొనీ ముగ్గురూ అడవిలో ఆకలితో తిరగడానికి కారణం ఇదే.

ఎక్కడో వ్యాసుడి కథ, ఎక్కడో ఇంగ్లండు కథ. రెండుచోట్లా అన్నం దగ్గరికి వచ్చేసరికి మాయకు కళ్లెం వేశారు. ఎందుకు? పిల్లలు కాసేపట్లోనే పట్టుకున్నారు. అడిగినంత అన్నం ఊరికే వస్తుంటే కథ ముందుకు నడవదు. ఎవరూ దేన్నీ ఎంచుకోనక్కర్లేదు, ధర ఉండదు, దాచుకోవడం ఉండదు. నేను పాఠంలో చెప్పాలనుకున్నది అంతవరకే.

ఇంతలో వెనక వరసలోంచి ఒక అమ్మాయి, పర్వతగిరి నుంచి బస్సులో వస్తుంది, నెమ్మదిగా అంది: "అంటే ద్రౌపది రోజూ అందరి తర్వాతనే తినాలె కదా మేడం. మా అమ్మ లెక్కనే."

క్లాసంతా నిశ్శబ్దం. అక్షయపాత్ర కథ నేను ఎన్నోసార్లు చదివాను, చెప్పాను. పాత్రనే చూశాను గానీ ఆకలితో ఎదురుచూసే మనిషిని చూడలేదు. ఆ పాత్ర ఊరికే ఏమీ పెట్టలేదు, ఖర్చంతా ఒక్క మనిషి కడుపు మీద వేసింది.

చార్టులో మూడో గడి గీశాం. 'ఖర్చు ఎవరి మీద పడింది?' ఇక నుంచి ప్రతి కథకూ ఈ గడి ఉండాలి. అవకాశ వ్యయం అన్న మాట బోర్డు మీద రాసి, ఇది దాని ఇంటి పేరు అనుకోండి అన్నాను. ఒకటి దక్కడానికి వదులుకున్నదే దాని అసలు ఖర్చు. వదులుకున్నది ఎవరో కూడా చూడాలని పుస్తకం చెప్పదు. ఆ ముక్క ఈ అమ్మాయి చెప్పింది.

ఆగస్టు 2

డబ్బు ఆట. ఘోరంగా దెబ్బతిన్నది, కానీ ఇంత మంచి క్లాసు ఈ మధ్య జరగలేదు.

అనుకున్నది ఇది. అయిదు జట్లు, ఒక్కో జట్టుకు 20 చింతగింజలు. వాటికి 'మాడలు' అని పేరు పెట్టాం, కాకతీయుల శాసనాల్లో కనిపించే నాణెం పేరు. 8 సకినాల పొట్లాలు ఒక్కొక్కటిగా వేలం. ఆ తర్వాత ఎవరి మాడలు వాళ్లకు తిరిగిచ్చేస్తాం, పైన ఒక ముని వచ్చి అందరికీ ఇంకో 20 మాడలు వరమిస్తాడు. మళ్లీ 8 పొట్లాల వేలం. డబ్బు రెట్టింపైనా సకినాలు రెట్టింపు కాలేదని, ధరలే రెట్టింపయ్యాయని చూపాలి.

మొదటి వేలంలోనే ఏదో తేడా కొట్టింది. ఆరో పొట్లం 24 మాడలకు పోయింది. చివరికి వసూలైన గింజలు లెక్కపెట్టాం. పంచినవి 100. వచ్చినవి 163.

ఒక కుర్రాడు నవ్వు ఆపుకోలేక లేచి నిలబడ్డాడు. ఇంట్లో వాళ్లమ్మ చింతపండు కొట్టి గింజలు తీసి పెట్టిందట, జేబు నింపుకొచ్చాడు. జట్టులో మిగతా వాళ్లకు తెలుసు, పక్క జట్టుకు కూడా తెలుసు. మిగతా మూడు జట్లు ఒక్కసారిగా భగ్గుమన్నాయి. "మాకు రావాల్సిన సకినాలు మేడం అవి!"

కోపం వచ్చిందని చెప్పలేను. ముని రాకముందే ద్రవ్యోల్బణం వచ్చేసింది, అదీ దొంగనోటు రూపంలో. నేను చెప్పాలనుకున్న పాఠం కంటే ఇది పెద్దది. చింతచెట్టు ఉన్న ఊళ్లో చింతగింజ డబ్బు కాలేదు. ఎవరైనా సులువుగా చేసుకోగలిగిందాన్ని నలుగురూ డబ్బుగా ఒప్పుకోరు.

మూడో గడి నింపమన్నాను. ఖర్చు ఎవరి మీద పడింది? నిజాయితీగా ఆడిన మూడు జట్ల మీద. వాళ్ల చేతిలోని గింజ ఒక్కటీ తగ్గలేదు, ఎవరూ దొంగిలించలేదు, అయినా వాళ్ల సొమ్ము పోయింది. అదెట్లా అని ఒకరినొకరు అడుగుతూ బస్టాండు దాకా వాదించుకుంటూ వెళ్లారట.

హ్యారీ పోటర్ నాలుగో పుస్తకంలో లెప్రికాన్లనే మరుగుజ్జు మాయజీవుల బంగారం ఉంటుంది. అచ్చం ఆ కథలోని బంగారు నాణెం గాలియన్ లాగే మెరిసి, కొన్ని గంటలకు మాయమైపోతుంది. రాన్ అదే బంగారంతో హ్యారీ బాకీ తీర్చి, తర్వాత సంగతి తెలిసి సిగ్గుతో కుంగిపోతాడు. చింతగింజల కుర్రాడికి ఆ భాగం చదివి వినిపించమని పని అప్పజెప్పాను.

ఆగస్టు 9

రాత్రి కూర్చుని 300 గింజలకు గోళ్ల రంగు వేశాను. రెండు రంగులు, రెండు చుక్కలు. ఏ రంగులో నాకు తప్ప ఎవరికీ తెలియకుండా. టంకశాల పని ఎంత ఓపికదో వేళ్లకు తెలిసింది.

ఈసారి లెక్క కుదిరింది. మొదటి వేలం ధరలు: 8, 9, 10, 10, 11, 12, 20, 20. మొత్తం 100, ఒక్క గింజ కూడా దాచుకోలేదు. వరం తర్వాత: 15, 17, 19, 21, 23, 25, 40, 40. మొత్తం 200.

సగటు రెట్టింపైంది, అది అనుకున్నదే. కానీ ధరలు పెరిగిన వరస చూడండి. మొదటి పొట్లం 15కే పోయింది. అందరి మనసులో ఇంకా పాత ధరే ఉంది. 40 పెట్టిన జట్లు చివరిదాకా ఆగి నష్టపోయాయి. కొత్త డబ్బు చేతికి రాగానే ఖర్చుపెట్టినవాడికి పాత ధరకు సరుకు దొరుకుతుంది, ఆలస్యంగా వచ్చినవాడికి కొత్త ధర తగులుతుంది. 1755లో అచ్చయిన పుస్తకంలో కాంటిలాన్ అనే ఆర్థికవేత్త ఈ సంగతి రాశాడు. మావాళ్లు సకినాల పొట్లాలతో రాశారు.

కథలోని ముని అందరికీ ఒకేసారి, సమానంగా ఇచ్చాడు. చరిత్రలో ఒకసారి ఇంచుమించు ఇలాంటి వరమే నడిచొచ్చింది. 1324లో మాలి రాజు మన్సా మూసా మక్కా యాత్రకు పోతూ కైరోలో బంగారం విరివిగా పంచాడు. అక్కడ బంగారం విలువ పడిపోయి చాలా ఏళ్లు కోలుకోలేదని అప్పటి అరబ్బు రచయితలు రాశారు. పరుసవేది దొరికినా అంతే. దొరికిన మొదటి రోజు దాని యజమాని కోటీశ్వరుడు, అందరి చేతికీ వచ్చిన రోజు బంగారం ఇనుము లెక్క.

ఆగస్టు 23

ఇవాళ చిన్న క్లాసే, వాన. 9 మందే వచ్చారు.

హ్యారీ పోటర్ నాణేలు: 29 కనట్లు ఒక వెండి సికిల్, 17 సికిళ్లు ఒక బంగారు గాలియన్. అంటే గాలియన్‌కు 493 కనట్లు. 17 గానీ 29 గానీ ఒకటితో, తమతో తప్ప దేనితోనూ భాగించబడవు కాబట్టి గాలియన్‌ను సమంగా ఇద్దరు పంచుకోవాలన్నా కుదరదు. "గిట్లెవరన్న పెట్టుకుంటరా" అని విసుక్కున్నారు. 1957 ఏప్రిల్ 1 దాకా మన రూపాయికీ 16 అణాలు, 64 పైసలు ఉండేవని చెప్పాను. ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉండేది. నిజాం హాలీ సిక్కా ఒకటి, బ్రిటిష్ ఇండియా కల్దార్ రూపాయి ఒకటి. విలీనం తర్వాత కూడా కొన్నేళ్లు రెండూ చెల్లాయి. 7 హాలీ రూపాయలకు 6 కల్దార్ రూపాయలు. ఒక అబ్బాయి వాళ్ల తాత ఇప్పటికీ "కల్దార్ లెక్క మాట్లాడు" అంటాడట, అంటే గట్టి మాట చెప్పమని. ఆ మాట ఎక్కడిదో వాడికి ఇవాళ తెలిసింది. వాడి ముఖం చూడాల్సింది.

బంగారానికీ వెండికీ మధ్య నిష్పత్తిని రాజు ఒకటి పెట్టి, బజారు ఇంకోటి పెడితే ఏమవుతుందో న్యూటన్ కథతో ముగించాను. ఆపిల్ న్యూటనే. ఆయన లండన్ టంకశాల అధిపతి. 1717లో ఆయన నివేదిక మీద గినీ బంగారు నాణేన్ని 21 షిల్లింగులకు కట్టారు. అది బజారు లెక్క కంటే బంగారానికి ఎక్కువ విలువ ఇచ్చింది కాబట్టి వెండి దేశం దాటిపోయింది. 17 సికిళ్ల లెక్క మారకుండా ఉండాలంటే ఆ మాంత్రికుల లోకంలో కూడా ఎవరూ నాణేలు కరిగించకూడదు.

సెప్టెంబర్ 6

వజ్రాల లోయ. దీని కోసం నెలరోజులు ఎదురుచూశాను, ఎందుకంటే ఈ మాయకథ మన గడప దగ్గరిదే.

13వ శతాబ్దం చివర మార్కోపోలో మోటుపల్లి రేవు గురించి రాశాడు, ముత్‌ఫిలి అని. ఓరుగల్లు రాజ్యపు రేవు అది. వివేకవంతురాలైన ఒక రాణి ఆ రాజ్యాన్ని ఏలిందని రాశాడు. రుద్రమదేవి గురించేనని చరిత్రకారులు అంటారు. వజ్రాల గురించి మాత్రం అద్భుత కథ చెప్పాడు. పాములు నిండిన లోతైన లోయల్లో వజ్రాలుంటాయి, మనిషి దిగలేడు. వర్తకులు పచ్చి మాంసం ముద్దలు లోయలోకి విసురుతారు, వజ్రాలు వాటికి అంటుకుంటాయి, తెల్ల గద్దలు మాంసం ఎత్తుకొచ్చి కొండ మీద వాలగానే వీళ్లు అరిచి వాటిని తోలి వజ్రాలు ఏరుకుంటారు. సింద్‌బాద్ కథలోనూ ఇదే లోయ ఉంది.

పిల్లలకు పాములు, గద్దలు బాగా నచ్చాయి. నాకు నచ్చింది ఇంకోటి. ఈ కథ వజ్రం ధరను కాపాడుతుంది. అంత కష్టపడి తెచ్చిందైతే అంత ధర న్యాయమే అనిపిస్తుంది కొనేవాడికి. నిజానికి కృష్ణ ఒడ్డున కూలివాళ్లు మట్టి తవ్వి, కడిగి, ఏరారు. ఆ మనుషులు కథలో లేరు, వాళ్ల స్థానంలో గద్దలున్నాయి. మూడో గడి అడగకుండానే నింపారు: "ఖర్చు కూలోళ్ల మీద. కథల వాళ్ల పేరు కూడ తీసేసిన్రు."

1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా ప్రపంచానికి అవి ప్రధానంగా మన దేశం నుంచే వెళ్లాయి. కొత్త గనులు రాగానే ధరలు పడ్డాయి. రాయి మారలేదు, దాని మెరుపు మారలేదు. ఎంత దొరుకుతుందన్నది మారింది. 1776లో ఆడమ్ స్మిత్ వేసిన ప్రశ్న ఇక్కడే పెట్టాను: నీళ్లు లేకుండా బతకలేం, అవి చవక. వజ్రం లేకపోతే ఏమీ కాదు, అది ఖరీదు. ఎందుకు? నల్లా పిల్ల చెయ్యెత్తింది. "మొదటి బిందెకు ఎంతన్న ఇస్తం మేడం. పదో బిందెతోని వాకిలి చల్లుతం." జెవన్స్, మెంగర్, వాల్రాస్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 1870లలో విడివిడిగా చేరింది ఈ జవాబు దగ్గరికే. ధర తేల్చేది చివరి బిందె.

గణపతిదేవుడి మోటుపల్లి అభయశాసనం కూడా చదివాం, 1244 నాటిది. అంతకుముందు తుఫానులో పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులు లాక్కునేవారు. ఇకపై నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోమని ఆయన రాతి మీద రాయించాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. నమ్మకం ఉంటే ఓడలొస్తాయి, ఓడలొస్తే సుంకమొస్తుంది. ఒక్కసారి దోచుకుంటే వచ్చేది ఒక్కసారే వస్తుంది.

సెప్టెంబర్ 13

మాయాబజార్‌లోని ప్రియదర్శిని పెట్టె. 1957 సినిమా అయినా 22 మందిలో చూడనివాళ్లు ఇద్దరే. పెట్టె తెరిస్తే ఎవరికి ప్రాణప్రదమైనది వాళ్లకు కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు. విలువ వస్తువులో లేదు, చూసే మనిషిలో ఉందని చెప్పడానికి ఇంతకన్నా మంచి వస్తువు నాకు దొరకలేదు.

అందరికీ ఖాళీ అగ్గిపెట్టె, చీటీ ఇచ్చాను. నా దగ్గరున్న పాత గోడ గడియారానికి ఎవరు ఎంత దాకా పెడతారో రహస్యంగా రాసి పెట్టెలో వేయాలి. తర్వాత బేరమాడుకోవచ్చు. రెండోసారి బేరానికి ముందు అమ్మే జట్టుకు మిగతా వాళ్ల పెట్టెలు తెరిచి చూసే వీలిచ్చాను. చూసినవాళ్లు ప్రతి బేరంలోనూ ఎదుటివాడి ఆఖరి రూపాయి దాకా పిండారు. బేరంలో రెండువైపులా మిగలాల్సిన మిగులు ఒకవైపే పోయింది.

ఒక అబ్బాయి అన్నాడు: "ఖరీదుదారు చేతికి గీ పెట్టె దొరికితే మా బాపు పని అయిపోతది." వాళ్లది పత్తి, మిర్చి.

నవంబర్ 12, బుధవారం

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లాం. 14 మంది వచ్చారు. ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటని పేరున్న చోటు, మా పిల్లల్లో సగం మందికి ఎప్పుడూ లోపలికి వచ్చే పని పడలేదు.

పొద్దున్నే జెండా పాట. కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తిదారులు, కొనే ఖరీదుదారులు గుమిగూడి ఒక సరుకు దగ్గర పాట పెంచుతారు. ఆ పలికిన గరిష్ఠ ధరే జెండా ధర. అందరి పత్తికీ అదే రాదు. మంచి సరుకుకు దాని దగ్గర్లో, మిగతాదానికి ఇంకా కింద. ఖరీదుదారు పత్తిలో చెయ్యి దూర్చి, పిడికిట్లో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని ధర చెబుతాడు. తేమ 8 శాతం ఉంటే కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 దాటితే కొనదు. హమాలీలు, తూకం వేసే దడ్వాయిలు, చాటలు పట్టుకున్న ఆడవాళ్లు, అందరి పనీ ఆ ధర తేలాకే మొదలవుతుంది.

పత్తి రైతు కొడుకు చాలాసేపు మాట్లాడకుండా చూసి నా దగ్గరికొచ్చాడు. "వీళ్లకు ప్రియదర్శిని అక్కర్లేదు మేడం. డీసీఎం కిరాయి ఎంతో వాళ్లకు ఎర్కే. గంత దూరం నుంచి తెచ్చినంక వాపసు కొండవోతమా?"

ఈ ఒక్క మాట కోసం ప్రాజెక్టు మొత్తం పెట్టుకున్నా నష్టం లేదు. రైతు ఏ ధరకు దిగివస్తాడో తెలుసుకోవడానికి మనసు చదవక్కర్లేదు, అతను వెనక్కి పోవడానికి ఎంత ఖర్చవుతుందో తెలిస్తే చాలు. ఊళ్లోనే దాచుకునే గోదాము ఉంటే, ఫోన్లో నాలుగు మార్కెట్ల ధరలు ముందే తెలిస్తే, ఆ పెట్టె కొంతైనా మూతపడుతుంది. మిర్చి రైతులు కోల్డ్ స్టోరేజీలో బస్తాలు పెట్టి ఆగేది అందుకే.

వాడు చార్టు మీద డీసీఎం బొమ్మ వేసి పక్కన ప్రియదర్శిని అని రాశాడు.

నవంబర్ 22

హౌస్ ఎల్ఫ్‌లు, హ్యారీ పోటర్ కథలో మాంత్రికుల ఇళ్లలో చాకిరి చేసే చిన్న జీవులు. ఇవాళ టైము దాటి మూడు గంటలు కూర్చున్నాం.

హ్యారీ చదివే మాంత్రికుల బడి హాగ్వార్ట్స్‌లో బల్లల మీద భోజనం మాయగా ప్రత్యక్షమవుతుంది. మొదటి మూడు పుస్తకాల్లో అదెక్కడిదని ఎవరూ అడగరు. నాలుగోదానిలో తెలుస్తుంది: కింద వంటగదిలో వందమందికి పైగా ఎల్ఫ్‌లు జీతం లేకుండా వండి పైకి పంపుతున్నారు. యజమాని బట్టలిస్తేనే వాళ్లకు విడుదల. జులైలో రాసుకున్న అన్నం నియమం పక్కన ఈ చార్టు అంటించగానే క్లాసులో గుసగుసలు మొదలయ్యాయి. శూన్యంలోంచి అన్నం రాదని అప్పుడే చెప్పారు కదా మరి!

విడుదలైన డాబీ అనే ఎల్ఫ్‌కు బడి పెద్ద డంబుల్‌డోర్ వారానికి పది గాలియన్లు, వారాంతం సెలవులు ఇస్తానంటాడు. డాబీ బేరమాడి తగ్గించుకుంటాడు, వారానికి ఒక గాలియన్, నెలకొక సెలవు. ఎక్కడైనా పనివాడు కూలి తగ్గించమని బేరమాడతాడా? వింకీ అనే ఇంకో ఎల్ఫ్‌ను యజమాని వెళ్లగొడితే స్వేచ్ఛ వచ్చిందని సంతోషించదు, కుళ్లికుళ్లి ఏడుస్తుంది.

మొదట అందరూ, వాళ్లకు తెలివి లేదన్నారు. జనగామ వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒప్పుకోలేదు. వాళ్ల ముత్తవ్వ దొర గడీలో వెట్టి చేసిందట. "తెలివి లేక కాదు. గడీ వదిలి పోతే భూమి లేదు, అప్పు తీరదు, ఇంకో ఊర్ల పని ఇచ్చెటోడు లేడు. నీ బాంచన్ అన్నోళ్లంత తెలివి లేనోళ్లా?"

నేను ఇంకేం చెప్పాలి? వెట్టిలో ఒక్కో కులానికి ఒక్కో చాకిరి, దేనికీ కూలి లేదు. బయట ఇంకో దారి ఉన్నప్పుడే మనిషికి బేరం చేసే బలం వస్తుంది. పాలకుర్తి చాకలి ఐలమ్మ 1940లలో తన చేనును, పంటను దొరకు వదలనని నిలబడగలిగింది, తన ధైర్యానికి ఆంధ్ర మహాసభ సంఘం తోడైంది కాబట్టి. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. ఆ పని ఊళ్లో ఉంటే నాట్ల కూలి అడగడానికి గొంతు లేస్తుందని ఇద్దరు పిల్లలు వాళ్ల ఇళ్ల సంగతులు చెప్పారు. డాబీకి తన పని ధర ఎంతో తెలియదు, ఎందుకంటే అతనికి తెలిసిన వాళ్లలో కూలి తీసుకున్నవాడు ఒక్కడూ లేడు. కూలి రేటు ఒక్కడి తలలో పుట్టదు, పక్కవాడిని చూసి నేర్చుకుంటారు.

మూడో గడి ఇవాళ ఖాళీగా వదిలారు. రాయక్కర్లేదన్నారు.

నవంబర్ 29

డ్రాగన్ క్లాసు అనుకున్నంత బాగా రాలేదు. 1937 నాటి హాబిట్ కథలో స్మాగ్ బంగారపు గుట్ట మీద నిద్రపోతుంది, ఒక్క గిన్నె పోతే పసిగడుతుంది, ఆ గుట్టలోంచి ఒక్క నాణెం కూడా బజారుకు రాదు. మన లంకెబిందెల మీది పాము కూడా అంతే. కదలని డబ్బు లేనట్టే అన్నది నా పాఠం. పిల్లలు గుప్తనిధుల మీదికి మళ్లారు. మన చుట్టుపక్కల ఎన్ని పాత గుళ్లలో నంది కింద తవ్వారో, శివలింగాలు పెకిలించారో ఒక్కొక్కరూ చెబుతుంటే నాకు బాధగానే ఉండింది. ఎనిమిది వందల ఏళ్ల రాతిపని పాడుచేసి వాళ్లకు దొరికేది గుంత.

మిర్చి బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెడితే అదీ డ్రాగనేనా అన్న ప్రశ్న మంచిది. కాదు. రైతు అమ్మడానికే ఆగుతాడు, ఎక్కువున్న నెల నుంచి తక్కువున్న నెలకు సరుకును మోస్తాడు. డ్రాగన్ ఎప్పటికీ అమ్మదు. హ్యారీ పోటర్ కథలోని మాంత్రికుల బ్యాంకు గ్రింగాట్స్ కూడా ఎక్కువగా ఖజానాలాగే కనిపిస్తుంది. దాని ఎదురుగా 1956లో మొదలైన ముల్కనూరు సహకార సంఘాన్ని పెట్టాను. ఒకరు దాచింది ఇంకొకరికి పంట రుణంగా పోతుంది, తిరిగొస్తుంది. ఈ పోలికను వచ్చే ఏడాది ఇంకా బాగా చెప్పాలి. వీలైతే ముల్కనూరు తీసుకుపోవాలి.

డిసెంబర్ 13

పుస్తకం 64 పేజీలు వచ్చింది. జిరాక్సు 40 కాపీలు. ఖర్చు అనుకున్న 600 దాటింది, సకినాలే ఎక్కువ తిన్నాయి.

ఇద్దరు పిల్లలు మూడు వారాలుగా చౌరస్తాలోని నాలుగు కిరాణా కొట్లలో బెల్లం ధర రాస్తున్నారు. ఈసారి జనవరి చివర మేడారం జాతర, అక్కడ మొక్కుగా ఇచ్చే బెల్లాన్నే బంగారం అంటారు. అది భక్తి, చార్టులో పెట్టే కథ కాదు. ధరలు మాత్రం ఎక్కిస్తున్నాం. జాతర అయ్యాక రెండు వారాల దాకా రాయాలని చెప్పాను.

పర్వతగిరి అమ్మాయి తన వంతు ఇంకా ఇవ్వలేదని అడిగితే నాలుగు కాగితాలు తీసింది. వారం రోజులు వాళ్లమ్మ పొద్దున నాలుగున్నరకు లేచినప్పటి నుంచి ఏ పనికి ఎంతసేపు పట్టిందో నిమిషాలతో రాసింది. నీళ్లు, వంట, పాలు, చేను, గిన్నెలు, నానమ్మకు మందులు. కింద మొత్తం వేసింది గానీ రూపాయల గడి ఖాళీ. 2019లో ప్రభుత్వం దేశమంతా ఇలాగే సమయ వినియోగ సర్వే చేసిందని చెబితే ఆశ్చర్యపోయింది.

"కూలి ఏ రేటున వెయ్యాలె మేడం? మా అమ్మ గీ టైముల పత్తి ఏరపోతే వచ్చే కూలా, లేకపోతే గీ పనంత చేసెతందుకు ఇంకొకల్లను పెట్టుకుంటె ఇచ్చే జీతమా?"

రెండు పద్ధతులూ ఉన్నాయి, రెండింటికీ జవాబు వేరే వస్తుంది. రెండూ వేసి పక్కపక్కన రాద్దామన్నాను. పత్తి ఏరే రేటు ఆమె వాళ్ల ఊళ్లో అడిగి తెస్తుంది. వంటమనిషి జీతం, ముసలివాళ్లను చూసుకునే మనిషి జీతం హనుమకొండలో నేను కనుక్కోవాలి. వచ్చే శనివారానికి.